వరిగింజంత నత్తకు పేరు పెట్టాలంటే

ప్రశ్న: మా అమ్మాయి భీమిలి తీరంలో ఏరుకొచ్చిన గుల్లల్లో వరిగింజ కన్నా చిన్నదైన నత్తగుల్ల ఒకటి ఉంది. మా దగ్గరున్న పుస్తకాల్లో దాని బొమ్మ ఎక్కడా లేదు. ఇది కొత్త జాతి కావచ్చా అని రోజూ అడుగుతోంది. హిందూ మహాసముద్రంలో 2001లో దొరికిన ఇనుప పొలుసుల నత్తకు 2015లో గానీ శాస్త్రీయ నామం పెట్టలేదని చదివాను. జంతువు చేతిలో ఉండగా పేరుకు అన్నేళ్లు ఎందుకు పట్టింది?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం జిల్లా

జవాబు: మీరు చదివినది నిజమే. మధ్య హిందూ మహాసముద్రంలో, సుమారు 2,400 మీటర్ల లోతున, కైరేయి అనే వేడినీటి ఊటల దగ్గర ఆ నత్త 2001లో మొదటిసారి దొరికింది. పెంకుటింటి కప్పులాగా దాని పాదం చుట్టూ పొలుసులు ఒకదానిపై ఒకటి పరచుకుని ఉంటాయి. వాటి మీదా, గుల్ల మీదా ఇనుము, గంధకం కలిసిన నల్లటి పూత ఉంటుంది. ఇనుప సల్ఫైడును ఇలా ఒంటికి కవచంగా తొడుక్కునే జంతువు మనకు తెలిసినంతలో ఇదొక్కటే. ఆ పొలుసుల గురించి 2003లోనే 'సైన్స్' పత్రికలో వ్యాసం వచ్చింది కానీ, నియమబద్ధమైన వర్ణన, పేరు మాత్రం 2015లో చాంగ్ చెన్, కాట్రిన్ లిన్సే, జొనాథన్ కోప్లీ, అలెక్స్ రోజర్స్ ఇచ్చారు. ఆ పేరు క్రైసోమాలన్ స్క్వామిఫెరమ్.

2001కీ 2015కీ మధ్య ఏం జరిగిందో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 2009లో సాలిటేర్ అనే మరో ఊట దగ్గర అవే పొలుసులున్న నత్తలు కనిపించాయి, అయితే అవి తెల్లగా ఉన్నాయి, ఇనుప పూత లేదు. నలుపూ తెలుపూ పక్కపక్కన పెట్టి చూసినవారెవరికైనా ఇవి రెండు జాతులనే అనిపిస్తుంది. కానీ డీఎన్ఏ పోలిస్తే ఒకే జాతి అని తేలింది. సాలిటేర్ ఊటనీటిలో ఇనుము బాగా తక్కువ కాబట్టి అక్కడి నత్తల మీద పూత ఏర్పడలేదు. రంగు చూసి తొందరపడి ఉంటే ఒకే నత్తకు రెండు పేర్లు వచ్చి ఉండేవి.

అలా తొందరపడ్డ ఉదాహరణలు శాస్త్ర చరిత్రలో చాలా ఉన్నాయి. ఐరోపా తీరాల రాళ్లను అంటిపెట్టుకుని బతికే లిట్టొరైనా శాక్సటిలిస్ అనే చిన్న నత్త గుల్ల రంగూ, ఆకారమూ తీరతీరానికీ మారిపోతాయి. అందువల్ల వేర్వేరు కాలాల్లో దానికి వందకు పైగా పేర్లు పెట్టి, ప్రతిసారీ కొత్త జాతి అనుకున్నారు. ఆ చిక్కు విప్పడానికి తరువాతివారు ఎన్ని పాత వర్ణనలు తిరగేయవలసి వచ్చిందో ఊహించండి. కొత్త జాతి అని చెప్పేముందు, జంతువుల శాస్త్రీయ నామాలకు ఆరంభంగా ఎంచే 1758 నుంచి ఆ వర్గంలో ప్రచురితమైన ప్రతి పేరునూ, వీలైతే ఆ పేరుకు ఆధారమైన నమూనానూ చూసి తీరాలనే పట్టుదల అందుకే. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కోరే భాగం ఇదే.

ఇక నత్తను ఎలా వర్ణిస్తారంటే, గుల్ల ఎత్తు, వెడల్పు, చుట్ల సంఖ్య, గీతలు, నోటి అంచు, మూత వంటివన్నీ రాస్తారు. చిన్న నత్తలకు ఇవి చాలవు. గుల్ల కొనలో, గుండుసూది మొన అంత చోట, ఆ నత్త పిల్లగా ఉన్నప్పటి తొలి గుల్ల అలాగే మిగిలి ఉంటుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద దాని చుట్లు లెక్కపెడితే, ఆ పిల్ల నీటిలో తేలుతూ మేత మేసి పెరిగిందా, లేక గుడ్డు నుంచి నేరుగా పాకుతూ బయటికొచ్చిందా అన్నది చాలావరకు తెలుస్తుంది. మూడు మిల్లీమీటర్ల గుల్ల తన బాల్యాన్ని అలా నెత్తిన మోస్తూ ఉండడం నాకు ఎప్పుడు చూసినా అద్భుతంగానే తోస్తుంది. నోట్లో వరుసలుగా పళ్లున్న రాడ్యులా అనే పట్టీ కూడా జాతిని పోల్చడానికి ముఖ్యం. దాని కోసం మెత్తటి కండను రసాయనంతో కరిగించి, మిగిలిన పట్టీని వెంట్రుక కదిపినంత జాగ్రత్తగా పరుస్తారు.

వర్ణన ప్రచురించేటప్పుడు ఒక్క నమూనాను ఆ పేరుకు శాశ్వత ఆధారంగా ప్రకటించాలి. దానిని హోలోటైప్ అంటారు. అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో కూడా రాయాలి, ఎందుకంటే నూరేళ్ల తరువాత ఎవరికైనా సందేహం వస్తే వారు తెరిచి చూడవలసింది ఆ సీసానే. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతి తెలియజేసి, నమూనాలను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించాలి. జంతువుల విషయంలో అలాంటి ప్రధాన సంస్థ భారత జంతు సర్వేక్షణ సంస్థ.

ఇంత పని ఉంటుంది కనుకనే పద్నాలుగేళ్లు అసాధారణమేమీ కాదు. 2007లో వర్ణించిన కొత్త జాతుల్లో 600 తీసుకుని ఫ్రెంచ్ పరిశోధకులు లెక్కగడితే, నమూనా సేకరించిన నాటి నుంచి పేరు వచ్చేదాకా సగటున 21 ఏళ్లు పట్టినట్టు తేలింది. ఆలస్యానికి మూల్యం ఉంది. పొలుసుల నత్త నివసించే ఊటల్లో కొన్నిచోట్ల ఖనిజాన్వేషణకు అనుమతులిచ్చారు. ఆ ముప్పు కారణంగా 2019లో దానిని అంతరించే ప్రమాదమున్న జాతుల ఎర్ర జాబితాలో చేర్చగలిగారంటే, అప్పటికి దానికొక పేరూ ప్రచురిత వర్ణనా ఉండడం వల్లనే.

మీ అమ్మాయి గుల్ల విషయానికొస్తే, కొత్తది కావడం అసాధ్యమేమీ కాదు. పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా దీవిలో కుమాక్ తీరాన శాస్త్రజ్ఞులు ఓపికగా వెతికితే నత్తలు, ఆల్చిప్పల వంటి మృదుకాయ జీవులు 2,738 జాతులు బయటపడ్డాయి. వాటిలో అయిదో వంతుకు దొరికింది ఒక్కొక్క నమూనా మాత్రమే. అయితే అలల్లో అరిగిన ఒక్క ఖాళీ గుల్లతో ఎవరూ గట్టిగా చెప్పలేరు. దొరికిన తేదీ, చోటు, ఇసుకలోనా రాతి మీదా అనేది చిన్న కాగితం మీద పెన్సిలుతో రాసి గుల్లతో పాటే ఉంచమనండి. మున్ముందు నమూనాలను ఆల్కహాలులో పెట్టినా పెన్సిలు రాత చెరగదు, సిరా కరిగిపోవచ్చు. ఫార్మలిన్ వాడవద్దు, అది గుల్లనూ డీఎన్ఏనూ పాడుచేస్తుంది. మరో రెండు మూడు అలాంటివే దొరికాక, ఆ కాగితాలతో సహా ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో చూపించండి.