గ్రోత్ ఫ్యాక్టర్‌తో కరెంట్ పెరిగితే ఛానళ్లు పెరిగినట్టేనా?

మాక్రోఫేజ్‌లకు (క్రిములను మింగే రోగనిరోధక కణాలకు) ఎం-సీఎస్ఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ ఇచ్చిన మర్నాడు పొటాషియం కరెంట్ బాగా పెరిగింది, పొరలో పొటాషియం అయాన్లు దాటే దారులైన ఛానళ్లు ఉన్నవే ఎక్కువగా తెరుచుకుంటున్నాయా, కొత్తవి తయారయ్యాయా అని అడిగారు. పీహెచ్‌డీలో నేను ప్యాచ్ క్లాంప్ (సన్నటి గాజు పిపెట్‌తో కణం కరెంట్ కొలిచే పద్ధతి) చేసింది ఈ కణాల మీదే. నా సలహా, ముందు కణం సైజు చూడండి. ఎం-సీఎస్ఎఫ్‌తో కణాలు పెద్దవవుతాయి, పొర వైశాల్యం పెరుగుతుంది, దాంతో ఛానళ్ల సాంద్రత మారకపోయినా మొత్తం కరెంట్ పెరిగి కనిపిస్తుంది. కరెంట్‌ని పొర వైశాల్యాన్ని సూచించే కెపాసిటెన్స్‌తో భాగించి పోల్చండి. అప్పటికీ తేడా మిగిలితే అసలు ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

తర్వాత టైమ్. ఎం-సీఎస్ఎఫ్ అతుక్కుని దాని రిసెప్టర్ మేల్కొన్న కొద్ది నిమిషాల్లో జరిగేది వేరే కథ: ఫాస్ఫోలైపేజ్ సీ అనే ఎంజైమ్ వల్ల ఐపీ3 అనే సిగ్నల్ అణువు పుడుతుంది, ఈఆర్ (కణంలోని కాల్షియం గిడ్డంగి)లో దాచిన కాల్షియం బయటికొస్తుంది, నిల్వ తగ్గిందని స్టిమ్1 అనే ప్రొటీన్ పసిగట్టి పొరలో ఉన్న ఒరాయ్1 అనే కాల్షియం ఛానల్‌ని తెరుస్తుంది. ఆ కాల్షియం లోపలికి వస్తూనే ఉండాలంటే కణం లోపలి వైపు నెగెటివ్‌గా ఉండాలి, అందుకే పొటాషియం ఛానళ్లకు ఇంత ప్రాముఖ్యం.

మర్నాటికి కనిపించే మార్పు మాత్రం చాలావరకు జీన్ ఎక్స్‌ప్రెషన్‌దే. ఎలుక మాక్రోఫేజ్‌లలో ఎం-సీఎస్ఎఫ్ కేవీ1.3నీ, కిర్2.1నీ (రెండూ పొటాషియం ఛానళ్లే) పెంచుతుంది, అదే బ్యాక్టీరియా పొరలోని ఎల్‌పీఎస్ ఇస్తే కేవీ1.3 పెరిగి కిర్2.1 తగ్గుతుంది. మెదడులోని రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియాలో టీజీఎఫ్-బీటా అనే మరో ఫ్యాక్టర్ కేవీ1.3ని పెంచుతుంది, కిర్ ఛానళ్లను మాత్రం మార్చదు. కాబట్టి గ్రోత్ ఫ్యాక్టర్లన్నీ ఛానళ్లను పెంచుతాయని ఒక్క మాటలో తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు, ఏ ఫ్యాక్టర్, ఏ కణం, ఏ ఛానల్ అన్నది ప్రతిసారీ విడిగా అడగాల్సిందే.

మీ కేసులో సైక్లోహెక్సిమైడ్‌తో ప్రొటీన్ తయారీ ఆపి చూడండి. పెరుగుదల ఆగిపోతే కొత్త ప్రొటీన్ అవసరమని అర్థం, అయితే అది ఛానలే కానక్కర్లేదు, దాన్ని పొరకు చేర్చే ప్రొటీన్ అయినా కావచ్చు, అందుకని మెసెంజర్ ఆర్ఎన్ఏ కూడా కొలవండి. కేవీ1.3 వెంటవెంటనే వోల్టేజ్ పల్స్ ఇస్తే అలసిపోతుంది (మూసుకుపోయి వెంటనే కోలుకోదు), పల్స్‌కీ పల్స్‌కీ మధ్య కనీసం అర నిమిషం వదలండి, లేకపోతే కరెంట్ తక్కువగా కనబడి కంట్రోల్‌తో పోలికే చెడుతుంది. నిమిషాల్లో వచ్చే ప్రభావం కావాలంటే పిపెట్ కింద పొరను చించే మామూలు హోల్-సెల్ కంటే, అక్కడ చిన్న రంధ్రాలు మాత్రమే చేసే పెర్ఫొరేటెడ్ ప్యాచ్ మేలు, ఎందుకంటే హోల్-సెల్‌లో సిగ్నల్ మోసే అణువులు పిపెట్‌లోకి కొట్టుకుపోతాయి. ఇంకోటి, కణాలు పెంచే ద్రవంలో కలిపే సీరంలోనే టీజీఎఫ్-బీటా ఉంటుంది, కంట్రోల్ కణాలకూ ఎం-సీఎస్ఎఫ్ ఇచ్చిన కణాలకూ ఒకే బ్యాచ్ సీరం వాడారో లేదో ఒకసారి చూసి చెప్పండి.