ఆ తల్లి ఏమని పిలుస్తుంది?

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. కీవ్ స్టేషన్‌లో తల్లి కొడుకు వ్లాదిమిర్ చేతికి రొట్టెల మూట అందించే చోట గొంతు పూడుకుపోయింది. ఆ వెంటనే ఆవిడ "వ్లాద్, జాగ్రత్త" అంది. అంతే, కథలోంచి బయటికొచ్చి పడ్డాను.

వ్లాదిమిర్‌ని ఇంట్లో వ్లాద్ అనరయ్యా. వ్లాద్ అంటే మామూలుగా వ్లదిస్లావ్ అనే వేరే పేరు. వ్లాదిమిర్‌కి ముద్దుపేరు వొలోద్యా, ఇంకా చనువుంటే వోవా. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చదివే రోజుల్లో నేను వెనక అట్ట లోపల ఈ పేర్లన్నీ పెన్సిల్‌తో రాసుకునేవాణ్ణి. పేరు మారిన ప్రతిచోటా పిలిచే మనిషి మారుతున్నాడని అలా రాసుకుంటుంటేనే పట్టుబడింది. మనం 'గారు' చేర్చే చోట వాళ్ళు తండ్రి పేరు చేరుస్తారు. లెనిన్ బయటివాళ్ళకి వ్లాదిమిర్ ఇల్యీచ్, అంటే ఇల్యా కొడుకు. ఇంట్లోవాళ్ళకి వొలోద్యా.

ఆ 'వొలో' ఎక్కడిదంటావా? తూర్పు స్లావుల నోట, అంటే రష్యన్లు, ఉక్రేనియన్లు, బెలారుస్ వాళ్ళ నోట, ఆ పేరు మొదట్నుంచీ వొలొదిమెర్. 'వ్లాద్' బల్గేరియా వైపు దక్షిణాది స్లావుల ఉచ్చారణ, చర్చి భాషతో పాటు వచ్చింది. రెండింటికీ ఏలుబడి అనే అర్థం. రష్యాలో చర్చి రూపం స్థిరపడినా, ముద్దుపేరులో పాత పలుకే మిగిలింది. ఉక్రెయిన్‌లో అసలు పేరే వొలొదిమిర్. బెలారుస్‌లో ఉలాద్జిమిర్, పోలండ్‌లో వ్వొజీమ్యెష్. జెలెన్‌స్కీదీ పుతిన్‌దీ ఒకటే పేరు. 988లో క్రైస్తవం పుచ్చుకున్న కీవ్ రాజు పేరది. ఇప్పుడు యుద్ధం నడుస్తుండగా కీవ్ కుర్రాణ్ణి 'వ్లాదిమిర్' అని రాస్తే, తెలిసిన పాఠకుడి మనసు చివుక్కుమంటుంది.

నువ్వు పేరుకి "శాంతిని ఏలేవాడు" అని అర్థం చెప్పావు. రష్యన్‌లో మిర్ అంటే శాంతి, నిజమే. కానీ పాత రూపం చివర ఉన్నది 'మెర్', గొప్ప అనే భావం. వాడుకలో జనం దాన్ని తమకి తెలిసిన మాటవైపు లాక్కున్నారు. ఆ వాక్యం తీసెయ్.

ఒక్క సంగతి నీకు బాగా అక్కరకొస్తుంది. మనకి 'రాముడు' పిలుపులో 'రామా' అయినట్టు, ఉక్రేనియన్‌లోనూ సంబోధన ఉంది. వొలోద్యా పిలుపులో 'వొలోద్యు' అవుతుంది. రైలు కదులుతోంది, మూట ఇంకా ఇద్దరి చేతుల్లోనూ ఉంది. అక్కడ ఆవిడ చేత ఆ మాట అనిపించి, ఆ పేరా మళ్ళీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య