మారుతి 800కి 12 ఇంచ్ ఉంచాలా, 13 వేయాలా? రెండూ నడిపి చూసిన అనుభవం

నాన్నగారి 1996 మోడల్ 800ని మళ్ళీ రోడ్డెక్కిస్తున్నాను, పాత 12 ఇంచ్ రిమ్ములు తుప్పు పట్టాయి, మారుతి జెన్‌వి 13 ఇంచ్ అల్లాయ్స్ (స్టీల్ బదులు అల్యూమినియం మిశ్రమంతో చేసిన రిమ్ములు) దొరుకుతున్నాయి, ఫ్రెండ్ ఏమో 14 వేస్తే లుక్ అదిరిపోద్ది అంటున్నాడు, ఏది వేయమంటారు అని కదండీ మీరు అడిగింది. ముందే చెప్పేస్తా, 12లోనే ఉండండి, కావాలంటే టైరు కాస్త వెడల్పుది వేసుకోండి. 13 వేయకూడదని కాదు, దానికి కుదిరే టైరు మన షాపుల్లో దొరకదు, దొరికేవి కుదరవు. 14 మాట మాత్రం వదిలేయండి.

నా దగ్గర 94 మోడల్ ఉంది, కార్బురేటర్ బండే, నాలుగు గేర్లదే. కొన్నప్పుడే పాత ఓనరు వేయించిన జెన్ అల్లాయ్స్ మీద 145/70 R13 టైర్లతో వచ్చింది, కంపెనీ స్టీల్ రిమ్ములు కూడా ఆయన జాగ్రత్తగా దాచి విడిగా ఇచ్చాడు. అందుకని ఒకే బండి మీద రెండు సెట్లూ మార్చి మార్చి విజయవాడ సిటీలో, హైదరాబాద్ హైవే మీద, శ్రీశైలం ఘాట్‌లో బాగా నడిపి చూశా, ఇక్కడ చెప్పేదంతా అందులోంచి వచ్చిందే.

అందరూ రిమ్ము ఎన్ని ఇంచులు అనే చూస్తారు గానీ బండికి తెలిసేది రిమ్ము, టైరు కలిపి మొత్తం ఎత్తు ఎంత అనేదే. లెక్క చాలా సింపుల్. 145/70 R12 అంటే టైరు వెడల్పు 145 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం అంటే 101.5, పైనా కిందా కలిపి 203, దానికి 12 ఇంచుల రిమ్ము 304.8 కలిపితే 508 మి.మీ. దాకా వస్తుంది. మీ 800కి కంపెనీ లెక్క ఇదే. ఇప్పుడు జెన్ 145/70 R13 చూడండి, పక్క గోడ అదే 203, రిమ్ము 330.2, మొత్తం 533. అంటే 5 శాతం పెద్దది. వినడానికి 5 శాతమే కానీ 800కి అది చిన్న విషయం కాదండి, అది 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిను, కార్బురేటర్ మోడల్ పవర్ 40 హెచ్‌పీ కూడా లేదు, చక్రం 5 శాతం పెరిగిందంటే ప్రతి గేరూ 5 శాతం బరువెక్కినట్టే. ఫ్లాట్ రోడ్డు మీద ఒక్కడినే వెళ్తుంటే నాకు పెద్దగా తెలీలేదు, పైగా హైవే మీద ఇంజిను కొంచెం నిదానంగా తిరుగుతోందని హాయిగానే అనిపించింది. అదే నలుగురితో, సామానుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు 12 మీద థర్డ్‌లో లాగేసే మలుపుల్లో 13 మీద సెకండ్‌కి దించాల్సి వచ్చేది. సిటీలో ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదిలేటప్పుడు క్లచ్ మీద కూడా ఆ తేడా పడుతుంది.

ఇంకొకటి, మైలేజీ తగ్గిందని చాలామంది కంగారు పడతారు, అందులో సగం మీటరు లెక్కే. చక్రం పెద్దదైతే బండి 105 కిలోమీటర్లు నడిచినా మీటర్ 100 అనే చూపిస్తుంది, కాబట్టి లీటరుకి నిజంగా 18 వచ్చినా మీ లెక్కలో 17 చిల్లరే తేలుద్ది. స్పీడ్ కూడా అంతే, ముల్లు 80 మీద ఉంటే మీరు 84లో వెళ్తుంటారు.

సరే, 12లోనే ఉంటూ కొంచెం గ్రిప్, కొంచెం నిండుతనం కావాలంటే ఒక మంచి సైజుంది, చాలామందికి తెలీదు, 155/65 R12. టాటా నానోకి ముందు చక్రాలు 135/70 R12, వెనకవి 155/65 R12 ఇచ్చేవాళ్ళు. ఆ వెనక టైరు లెక్కేస్తే 506 మి.మీ. వస్తుంది, మన 508తో పోలిస్తే తేడా లేనట్టే. స్పీడోమీటరు మారదు, గేర్లు మారవు, రిమ్ము మార్చక్కర్లేదు, ఎక్కడా రాసుకోదు, వర్షంలో బ్రేకేస్తే పట్టు మెరుగ్గా ఉంటుంది. నేను ఇప్పుడు నడుపుతున్నది ఇదే, నాకు చాలా నచ్చింది. స్టీరింగ్ మాత్రం పార్కింగ్‌లో కాస్త గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ లేని బండి కదా, కదిలాక ఏం తెలీదు. నానో ఆగిపోయాక ఈ సైజు ప్రతి షాపులో ఉండదు, ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి, తీసుకునే ముందు టైరు పక్కన ఉండే నాలుగంకెల డేట్ చూడండి, 3524 అని ఉంటే 2024లో 35వ వారం తయారైందని అర్థం. ఏళ్ళ తరబడి గోడౌన్‌లో పడున్నది అంటగడితే తీసుకోవద్దు. దొరకలేదా, ఒరిజినల్ 145/70 R12 హాయిగా వేసుకోండి, అది ఇప్పటికీ పెద్ద బ్రాండ్లలో దొరుకుతోంది.

షాపువాళ్ళు ఇంకో రెండు చూపిస్తారు, జాగ్రత్త. ఒకటి ఆల్టోది 145/80 R12, రిమ్ముకి చక్కగా ఎక్కుద్ది కాబట్టి వేసేయండి సార్ అంటారు, కానీ దాని ఎత్తు 537, అంటే జెన్ 13 కన్నా కూడా పెద్దది! 12 ఇంచే కదా అని వేసుకుంటే 13 కష్టాలన్నీ వస్తాయి. రెండోది ఓమ్నీది 145 R12 ఎల్‌టీ, అది లోడు మోసే బండికి చేసిన గట్టి టైరు, 650 కిలోల దరిదాపుల్లో ఉండే 800 మీద వేస్తే ప్రతి గుంతా నడుముకి తగులుద్ది.

బ్రిటన్‌లో పాత మినీ ఉంది కదా, మన 800 ఓనర్లకి దాని కథ బాగా పనికొస్తుంది. 1959లో అది వచ్చినప్పుడు 10 ఇంచ్ చక్రాలు, చిన్న కారులో మనుషులకి చోటు మిగల్చాలని. 1984లో 12కి మారింది, అది షోకు కోసం కాదు, లోపల పెద్ద బ్రేక్ డిస్కులు పట్టాలని. అప్పుడు దానికిచ్చిన టైరు ఏంటో తెలుసా, 145/70 R12, అచ్చం మన 800 సైజే. చివర్లో 13 ఇంచ్ ఇచ్చినప్పుడు 175/50 R13 వేశారు, లెక్కేస్తే 505 మి.మీ. చూడండి, రిమ్ము పెంచినా మొత్తం ఎత్తు మారనివ్వలేదు, వెడల్పు బయటికి వస్తుందని మడ్‌గార్డు అంచులు కూడా వెడల్పువి బిగించారు. 13కి వెళ్ళడమంటే పద్ధతిగా అలా వెళ్ళాలి. మనకా సైజు మామూలు షాపుల్లో దొరకదు, 155/65 R13 వేసినా 532 దగ్గర ఆగుద్ది. 14లో 165/65 అయితే 570, అంటే 12 శాతం ఎక్కువ, పాపం ఆ ఇంజిను ఏం లాగుద్ది చెప్పండి.

అయినా ఆ అల్లాయ్స్ మీద మనసుంటే ఇవి చూసుకోండి. 800కి, పాత ఆల్టోకి, జెన్‌కి నాలుగు నట్లలో ఎదురెదురుగా ఉండే రెండింటి మధ్య కొలత ఒకటే, 114.3 మి.మీ., కాబట్టి జెన్‌వి కూర్చుంటాయి. స్విఫ్ట్‌వి 100 మి.మీ., అవి కూర్చోవు, ఎవరైనా అడాప్టర్ పెట్టి ఎక్కిస్తామంటే వద్దనండి. తర్వాత ఆఫ్‌సెట్, అంటే చక్రం లోపలికి కూర్చుంటుందా బయటికి వస్తుందా అనేది. బయటికి వచ్చేకొద్దీ చూడ్డానికి బాగుంటుంది గానీ బేరింగుల మీద భారం పెరుగుద్ది, గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిలోంచి గుంజుతుంది. బిగించాక ఖాళీ బండితో చూసి సరిపోయింది అనుకోవద్దు, నలుగురిని కూర్చోబెట్టి స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, స్పీడ్ బ్రేకర్ మీద ముందుకీ వెనక్కీ ఎక్కించి దించండి, ఎక్కడ రాసుకున్నా అప్పుడు తెలిసిపోద్ది. అల్లాయ్ అంటే తేలికే అనుకుంటారు, అదీ గ్యారంటీ లేదు, కొనేముందు టైరు లేకుండా కాటా మీద పెట్టి స్టీల్‌ది, అల్లాయ్‌ది రెండూ తూచండి, బరువు ఎక్కువ ఉంటే అందులో అందం తప్ప లాభం లేదు. కంపెనీ లెక్క దాటి మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, మీది 15 ఏళ్ళు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఎలాగూ ఆర్టీఓ ముందు పెట్టాల్సిందే, ఇన్సూరెన్స్ వాళ్ళకి కూడా చెప్పి ఉంచాలి.

మీ పాత రిమ్ముల గురించి ఒక మాట, తుప్పు పట్టాయని పారేయకండి. 2014లో 800 తయారీనే ఆగిపోయింది, నాన్నగారి బండితో వచ్చిన రిమ్ములు మళ్ళీ రావు. టైరు ఊడదీయించి లోపల చూడండి, పైపై తుప్పయితే శాండ్ బ్లాస్టింగ్ (ఇసుకతో కొట్టి తుప్పు రాల్చడం) చేయించి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అంటించడం) వేయిస్తే కొత్తవాటిలా అవుతాయి. టైరు అంచు కూర్చునే చోట గుంటలు పడి ఉంటే మాత్రం ట్యూబ్‌లెస్‌లో గాలి నిలవదు, నట్ల రంధ్రాల చుట్టూ పగులు కనిపిస్తే ఇక ఆ రిమ్ము వాడొద్దు. బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పించి వంకర ఎంతుందో కూడా చూపించమనండి. పౌడర్ కోటింగ్ వేసేవాళ్ళకి నట్టు కూర్చునే చోట మందంగా వేయొద్దని చెప్పండి, అక్కడ కోటింగ్ నలిగి నట్లు వదులవుతాయి, అందుకే బిగించాక ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ ఒకసారి అన్ని నట్లూ టైట్ చేయించండి. స్టెప్నీకి కూడా అదే సైజు తీసుకోండి, ఐదు టైర్లు ఒకేసారి అడిగితే రేటు కూడా కొంచెం తగ్గిస్తారు.