జెయింట్ పెట్రెల్‌ను ముక్కు చూసి పట్టు

తిరుపతి

చి. సుమకు మామ ఆశీస్సులు.

కేప్‌టౌన్‌లో అంటార్కిటికా వెళ్లే ఓడ ఎక్కే తేదీ ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. దారిలో పక్షులు చూడాలి, ఏ పుస్తకం చదవాలో మామనడుగు అన్నావట. పుస్తకం తర్వాత చూద్దాం తల్లీ. ముందు జెయింట్ పెట్రెల్ అనే సముద్రపక్షి ఒక్కదాన్ని తప్పు లేకుండా గుర్తుపట్టడం నేర్చుకో.

40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటాక ఓడ వెనకాల గోధుమరంగు పెద్ద పక్షి తగులుకుంటుంది. రెక్కలు చాపితే దాదాపు 2 మీటర్లు. డెక్ మీద వాళ్లంతా ఆల్బట్రాస్ (పొడుగు రెక్కల మరో పెద్ద సముద్రపక్షి) అని కేకలేస్తారు. నువ్వు తొందరపడకు. నడిసముద్రంలో సైజును నమ్మలేం, పోల్చుకోవడానికి పక్కన చెట్టూ చేమా ఉండవు కదా. ఎగిరే తీరు చూడు. గాలి బాగుంటే ఆల్బట్రాస్ రెక్క ఆడించకుండానే చాలాసేపు తేలిపోతుంది. పెట్రెల్ నాలుగుసార్లు బిర్రుగా రెక్కలు కొట్టి, కాసేపు జారి, మళ్లీ కొడుతుంది. వీపు కాస్త గూని.

అసలు గుర్తు ముక్కులో ఉంది. పక్షి ఓడ పక్కకు వచ్చేదాకా ఓపిక పట్టు. ముక్కు మీద తూములాగా ఒకే లావుపాటి గొట్టం ఉంటుంది, ఆల్బట్రాస్‌కైతే చెరో పక్క చిన్న గొట్టాలు. ఇక ముక్కు కొస: ఆకుపచ్చ ఛాయ ఉంటే దక్షిణ జాతి, ఇటుక ఎరుపైతే ఉత్తర జాతి. రెండూ తిరిగేది ఆ దక్షిణ సముద్రాల్లోనే. ఒళ్లంతా తెలుపు, అక్కడక్కడ నల్ల చుక్కలు ఉన్నది కనిపిస్తే అది దక్షిణ జాతే. పిల్ల పక్షులతోనే తంటా. రెండింటివీ నల్లగానే ఉంటాయి, కొస రంగూ సరిగా తేలదు. అప్పుడు ఉత్త 'జెయింట్ పెట్రెల్' అని రాసుకో, నామోషీ ఏమీ లేదు.

ఒడ్డున సీల్ కళేబరం దగ్గర తలంతా నెత్తురు పూసుకుని కనిపిస్తే జడుసుకోకు, దాని భోజనం అదే. గూటి దగ్గరికి మాత్రం వెళ్లకు. కడుపులోని నూనె కక్కి మీద చిమ్ముతుంది, ఆ కంపు కోటుకు పడితే ఓ పట్టాన వదలదు. పైగా అక్కడి పక్షుల్ని ఇబ్బంది పెట్టడం మన 2022 అంటార్కిటిక్ చట్టం ప్రకారం నేరం.

బైనాక్యులర్ 8x42 చాలు, అంటే 8 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 42 మి.మీ.ది. 10 రెట్లదైతే ఊగే ఓడలో బొమ్మ నిలవదు. అద్దం మీద ఉప్పు పడితే పొడిగుడ్డతో రుద్దకు, గీతలు పడతాయి. ముందు మంచినీళ్లతో తడిపి తుడువు. బయల్దేరేలోపు తిరుమల బస్సెక్కి, ఘాట్ రోడ్డులో కిటికీలోంచి గద్దల్ని పట్టి చూడు. వాంతి రాకుండా పైకి చేరితే ఓడలో పెద్దగా టెన్షన్ ఉండదు.

మీ మామ