రైతే ఫీజు కడితే ఇన్‌స్పెక్టర్ నిక్కచ్చిగా ఉండగలరా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి ముత్తుకూరులో బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) చివరి ఏడాదిలో ఉంది. చేపల చెరువులకు సేంద్రియ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలో ఇన్‌స్పెక్టర్‌గా చేరతానంటోంది. ఫీజు కట్టేది రైతే, తనిఖీ జరిగేదీ ఆ రైతు చెరువులోనే. ఇందులో నిజాయతీకి చోటుంటుందా? మైలవరం దగ్గర మా బంధువులకు చెరువులున్నాయి. ఉద్యోగం చేస్తూనే వాళ్లకు సలహాలివ్వొచ్చా?

జవాబు: ముందు రెండో ప్రశ్న. ఇవ్వకూడదు. సర్టిఫికేషన్ సంస్థలు ఐఎస్‌ఓ 17065 ప్రమాణం ప్రకారం నడవాలి. సలహా చెప్పిన మనిషే తనిఖీకి రావడాన్ని అది ఒప్పుకోదు. సాధారణంగా సలహాకూ తనిఖీకీ మధ్య రెండేళ్ల ఎడం పాటిస్తారు. బంధువుల చెరువైతే ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పి, ఆ పని మరొకరికి వదిలేయాలి.

ఇక మొదటిది. డబ్బు రైతు దగ్గర్నుంచే వస్తుందని తెలిసే ఈ ఏర్పాటు కట్టారు. గట్టు మీదికి వెళ్లి చూసేది ఒకరు, ఆ నివేదిక చదివి సర్టిఫికెట్ ఇవ్వాలో వద్దో తేల్చేది ఇంకొకరు. ఆ సంస్థకు గుర్తింపునిచ్చేది కేంద్ర వాణిజ్య శాఖ 2001లో మొదలుపెట్టిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం (ఎన్‌పీఓపీ) కింది జాతీయ అక్రెడిటేషన్ మండలి. దాని పనులు వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా చూస్తుంది.

కాగితం మీద ఇంత గట్టిగా ఉన్నది ఎక్కడ సడలుతుంది? లంచం ఒక్కటే కారణం కాదు. రోజుకు నాలుగు చెరువులు అప్పగిస్తే ఎవరైనా రిజిస్టర్ తిరగేసి సంతకం పెట్టి వచ్చేస్తారు. ఒకే రైతు దగ్గరికి ఏళ్ల తరబడి వెళ్తే మొహమాటం పెరుగుతుంది. అందుకే ఇంటర్వ్యూలో మీ అమ్మాయి ఇవి అడగాలి: రోజుకు ఎన్ని తనిఖీలు? ముందు చెప్పకుండా వెళ్లేవి ఏడాదికి ఎన్ని? ఇన్‌స్పెక్టర్‌ను ఎన్నేళ్లకు మారుస్తారు? జీతమా, సర్టిఫికెట్‌కు ఇంతని కమీషనా? కమీషన్ అంటే చేరవద్దు.

నిక్కచ్చిగా ఉండాలంటే ధైర్యంతో పాటు లెక్క కూడా రావాలి. రెండెకరాల చెరువులో 4,000 బొచ్చె, శీలావతి పిల్లలు వేశారనుకోండి. 80 శాతం బతికి, ఒక్కోటి కిలో తూగితే 3,200 కిలోలు. అమ్మకం బిల్లుల్లో 4,500 కిలోలుంటే మిగతా 1,300 కిలోలు ఏ చెరువువి? వలవేసి సగటు తూకం చూసుకున్నాక కూడా తేడా అలాగే ఉంటే, నివేదికలో ఆ అంకెలే రాయాలి.

తర్వాత మేత గది. మన రాష్ట్రంలో చేపల చెరువులు చాలావరకు డీఓబీ మీదే నడుస్తాయి. అది హెక్సేన్ అనే సాల్వెంట్ (రసాయన ద్రావకం)తో నూనె తీసేసిన తవుడు. సాల్వెంట్‌తో నూనె తీసిన మేత సేంద్రియ ప్రమాణాలకు కుదరదు. బిల్లులో ‘తవుడు’ అని మాత్రమే ఉంటే సంచి తిప్పి ముద్ర చదవాలి. అనంతపురం నుంచి వచ్చే వేరుశనగ చెక్క గానుగదే అయినా, ఆ వేరుశనగ పంటకూ సేంద్రియ సర్టిఫికెట్ ఉండాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు.

ల్యాబ్ పరీక్షకు చేపల శాంపిల్‌ను రైతే పట్టి కొరియర్‌లో పంపితే దానికి విలువ లేదు. ఇన్‌స్పెక్టరే తన కళ్లెదుట పట్టించి, రెండు భాగాలు చేసి, రైతు సంతకంతో సీలు వేసి, ఐస్‌లో పెట్టి ఐఎస్‌ఓ 17025 గుర్తింపున్న ల్యాబ్‌కు పంపాలి. బూజు పట్టకుండా హేచరీలో మాలకైట్ గ్రీన్ వాడి ఉంటే, చేప ఒంట్లో అది ల్యూకో రూపంలోకి మారి చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి ల్యాబ్‌ను రెండు రూపాలకూ పరీక్ష అడగాలి.

ఉపాధి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక్క చేపల తనిఖీలతో ఏడాది పొడవునా పని దొరకదు. పసుపు, మిరప, వేరుశనగ పొలాల తనిఖీ కూడా నేర్చుకుంటేనే నిలదొక్కుకుంటుంది. ఐదు రోజుల లీడ్ ఆడిటర్ శిక్షణ ఉపయోగపడుతుంది. కానీ అమెరికా సేంద్రియ ముద్ర చేపలకు ఇప్పిస్తామనే శిక్షణ సంస్థకు దూరంగా ఉండండి. అమెరికా వ్యవసాయ శాఖకు చేపల సాగు మీద సేంద్రియ ప్రమాణాలే లేవు.

బంధువుల చెరువు ఇప్పుడు పనికొస్తుంది. ఉద్యోగంలో చేరకముందే ఒక పంటకాలం చేప పిల్లల సంఖ్య, మేత సంచులు, పదిహేను రోజులకోసారి సగటు తూకం మీ అమ్మాయిని పుస్తకంలో రాయమనండి. ఇంటర్వ్యూకి ఆ పుస్తకం తీసుకెళ్లాలి. చేరిన రోజే ఆ చెరువు పేరు సంస్థకు రాసి ఇవ్వాలి.