హెలెన్ బొమ్మల డబ్బు ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు, ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. యాన్ బ్రాంటీ నవల ‘ద టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ (1848)లో హెలెన్ రంగులు, కుంచెలు తాగుబోతు భర్త హంటింగ్డన్ మంటల్లో పడేస్తాడు. చదువుతుంటే ఏడుపొచ్చింది. తర్వాత ఆమె కొడుకుతో వెళ్లిపోయి, బొమ్మలు అమ్ముకుని బతుకుతుంది. జబ్బుపడ్డాక అతను కొడుకును ఆమెకే వదిలేస్తూ కాగితం మీద సంతకం కూడా పెడతాడు. పెళ్లయిన స్త్రీల ఆస్తి గురించిన 1882 చట్టం ప్రకారం ఆమె స్వతంత్రురాలేనని సెమినార్ పేపర్లో రాయవచ్చా?

జవాబు: రాయొద్దు. పుస్తకం అచ్చయిన ఏడాది చూశారు గానీ కథ జరిగిన ఏడాది చూడలేదు. హెలెన్ గడప దాటింది 1827లో. ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ సంపాదన ఆమెదేనన్న చట్టం 1870లో, ఆస్తి ఆమెదేనన్నది 1882లో వచ్చాయి. 1827లో ఆ రంగుల పెట్టె భర్తదే. తన వస్తువు తానే తగలబెట్టుకున్నవాడి మీద ఏం కేసు పెడతారు? బొమ్మలమ్మిన డబ్బూ అతనిదే. బొమ్మ మూలన దొంగ పొడి అక్షరాలు, కింద వేరే ఊరి పేరు పెట్టి ఆమె లండన్‌కు పంపింది. అలా దాక్కోవాల్సి వచ్చినదాన్ని స్వాతంత్ర్యం అంటారా?

కేసు పోయింది మంట దగ్గర కాదు. పెళ్లి కుదిరినప్పుడు, పెంచిన పెద్దాయన సెటిల్‌మెంట్, అంటే పెళ్లికి ముందు ఆస్తి గురించి రాసుకునే ఒప్పందం, సంగతేమిటని హెలెన్‌ను అడిగాడు. అతనిదంతా నాది, నాదంతా అతనిది, ఇంకేం కావాలి అంటూ ఆమె లేచి గదిలోంచి వెళ్లబోయింది. నా క్లయింటయితే అక్కడే నాలుగు చీవాట్లు పెట్టేవాణ్ణి. ఆస్తిని ట్రస్టీల పేర పెట్టి, ఆమె సొంత వాడకానికే అని రాయిస్తే, భర్త చెయ్యి పడకుండా, ట్రస్టుల తగాదాలు చూసే చాన్సరీ కోర్టు కాపాడేది. ఆ రోజుల్లో అంతకు మించి దారి లేదు. ఈ పేజీ మీ ఉత్తరంలో లేనే లేదు.

ఇక మీరు మురిసిపోయిన సంతకం. పనిమనిషి రేచల్ సాక్షిగా ఉన్నా, తండ్రి బిడ్డ మీద హక్కు వదులుకుంటూ రాసిన కాగితాన్ని అప్పటి కోర్టులు అమలు చేసేవి కావు. ఆ చిక్కు 1873లో గానీ వీడలేదు. ఏడేళ్లలోపు బిడ్డ కోసం తల్లి కోర్టుకెళ్లే వీలు 1839లో వచ్చింది, ఈమెకు పన్నెండేళ్లు ఆలస్యంగా. హంటింగ్డన్ చచ్చిపోయాడు కాబట్టి ఆ కాగితం బండారం బయటపడలేదు.

అలాగని చేతులెత్తేయక్కర్లేదు. సరిగ్గా 1827లోనే లాంగ్ వెల్లెస్లీ అనే పెద్దమనిషికి చాన్సరీ కోర్టు అతని పిల్లల్ని అప్పగించలేదు. పరాయి ఆడదానితో సంబంధం, పిల్లలకు బూతులు నేర్పడం అక్కడ తేలాయి. హంటింగ్డనూ పసివాడికి సారా, బూతులు అలవాటు చేశాడుగా! పేపర్ను దీని మీద నిలబెట్టండి. ఒక్క జాగ్రత్త, వెల్లెస్లీ పిల్లలకు సొంత ఆస్తి ఉంది, అది లేనిదే చాన్సరీ సాధారణంగా కదిలేది కాదు. హెలెన్ డైరీని మాత్రం రుజువుగా చూపకండి. సివిల్ దావాల్లో భర్త మీద భార్య సాక్ష్యానికి 1853 దాకా తావు లేదు. మన గృహహింస చట్టాన్ని అసలే తేకండి.

సెమినార్ ఎప్పుడో రాయలేదు. టైముంటే ముందు ఆ పెళ్లి మాటల అధ్యాయం మళ్లీ చదవండి.