రంగులరాట్నం దగ్గర నిలబడబోయే అల్లుడికి

ఒరే అల్లుడూ,

నీకు పార్కులో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ మొన్న ఫోను చేసింది. "డిగ్రీ చదివినోడు రంగులరాట్నం తిప్పుతాడట అన్నయ్యా" అని ఒక పక్క దిగులు, "నీ దగ్గర బుద్ధులు నేర్చుకున్నాడులే" అని ఇంకో పక్క దెప్పు. ఆవిడ మాటకేం గానీ, నాకు మాత్రం సంతోషంగానే ఉంది. నేను ఆరేళ్ళు ఎగ్జిబిషన్ల వెంట శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా తిరిగాను. తర్వాత ఇరవై రెండేళ్ళు ఇక్కడే విశాఖలో ఒక పార్కులో చేసి, మోకాళ్ళు ఒప్పుకోక మానేశాను. ఇవన్నీ ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని ఊకొట్టి పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఇనుము సంగతి. మన ఊళ్ళో ఇనుముని నమ్మకూడదు. సముద్రం మీద నుంచి వచ్చే గాలిలో ఉప్పుంటుంది. పైకి పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల బోల్టు తినేసి ఉంటుంది. మెకానిక్ రిజిస్టర్లో సంతకం పెట్టాడు కదా అని నువ్వు ఊరుకోకు. గేటు తెరవక ముందు ఖాళీ బండిని రెండు మూడు రౌండ్లు తిప్పి, పక్కన నిలబడి చప్పుడు విను. నెల తిరిగేసరికి నీ రైడు మామూలు చప్పుడేదో నీకు తెలిసిపోతుంది. అందులో తేడా వస్తే ఆపెయ్యి. సూపర్‌వైజర్ తిడతాడు, తిట్టనీ. పిల్లలతో ముచ్చట్లు, ముద్దులు, టాటాలు అన్నీ ఆ రెండు రౌండ్ల తర్వాతే.

ఇక అసలు విషయం. నీకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు డిస్నీలాండ్ గురించి చెబుతారు. మాకూ చెప్పారు. 1955లో అమెరికాలో, కాలిఫోర్నియాలో తెరిచారట. అక్కడ టికెట్లు చింపేవాడి నుంచి ఊడ్చేవాడి దాకా అందరినీ నాటకంలో పాత్రధారుల్లాగే లెక్క కట్టి 'కాస్ట్ మెంబర్' అంటారట. పిల్లాడితో మాట్లాడాలంటే వాడి కళ్ళ ఎత్తుకి కిందకి కూర్చోవాలట. కూర్చోవడం మంచిదే, నేనూ కూర్చునేవాణ్ణి (మోకాళ్ళు పోయింది అందుకేనని మీ అత్త అంటుంది). కానీ నవ్వు గురించి వాళ్ళు చెప్పేది నాకు సగమే ఎక్కింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పళ్ళు బయటపెట్టుకుని నిలబడితే పిల్లలు నమ్మరు. పెద్దాళ్ళు నమ్ముతారేమో గానీ పిల్లలు నమ్మరు. వాళ్ళు చూసేది ఒక్కటే: నేను చెప్పింది ఈయన విన్నాడా, లేదా?

ఇది నాకు ఎవరు నేర్పారో చెబుతాను. డిసెంబరు, జనవరి నెలల్లో స్కూళ్ళ విహారయాత్రల బస్సులు వరస కడతాయి, చూస్తావుగా. ఒకసారి పాడేరు వైపు నుంచి ఆశ్రమ పాఠశాల పిల్లలు వచ్చారు. ముందువాడి చొక్కా అంచు వెనకవాడు పట్టుకుని బారుగా నడుస్తున్నారు. అందులో ఒక గుంటడు రైడ్ల వైపే చూడడం లేదు. మా పార్కులో ఒక మూల నుంచి సముద్రం కనబడుతుంది. అక్కడ ఆగిపోయాడు. మేస్టారు లెక్క పెట్టుకుంటున్నారు, నేను వెళ్ళి వాణ్ణి పిలిచాను. వాడు నన్ను అడిగాడు: "దీన్ని రాత్రికి ఎన్ని గంటలకి ఆపుతారు?"

నేను నవ్వేశాను. చెడ్డ నవ్వు కాదు, ముద్దొచ్చి నవ్వాను. కానీ వాడి మొహం మూసుకుపోయింది. అక్కడ మా దగ్గర ఊడ్చే ఆవిడ ఉంది, జాలరిపేట మనిషి. చీపురు పక్కన పెట్టి వచ్చి, "ఆపరు బాబూ. రాత్రంతా నడుస్తానే ఉంటాది. మా ఇంట్లోకి ఇనపడతాది" అంది. వాడు ఆలోచించాడు. "మరి మీకు నిద్దరెలా పడతాది?" అన్నాడు. "అది ఆగితేనే మాకు నిద్దరట్టదు" అంది ఆవిడ. ఇద్దరూ అలా కాసేపు మాట్లాడుకున్నారు, ఇద్దరు పెద్దమనుషులు పొలం సంగతులు మాట్లాడుకున్నట్టు. నేను పక్కన విజిల్ పట్టుకుని నిలబడ్డాను. అక్కడ స్విచ్‌లు వేసేవాణ్ణి నేను, కానీ వాడి ప్రశ్న అర్థమైంది ఆవిడకి. అంతవరకూ తిరిగేవన్నీ ఎవరో ఒకరు ఆపుతుంటే చూశాడు కదా, వాడు అడిగినదాంట్లో తప్పేముంది?

కాబట్టి అల్లుడూ, పిల్లలు ఏదైనా అడిగితే ముందు నవ్వకు. జవాబు చెప్పు. నవ్వాలనిపిస్తే రాత్రి రూముకి వెళ్ళి నవ్వుకో.

రెండోది, అబద్ధం ఆడకు. "భయం లేదు, ఏం కాదు" అని మనం ఊరికే అనేస్తాం. కొలంబస్ ఓడ ఊగితే కడుపులో తిప్పుతుంది, అది నిజం. "కడుపులో ఇలా గుప్పుమంటుంది, ఐదు లెక్కపెట్టేలోపు తగ్గుతుంది. వద్దనిపిస్తే చెయ్యెత్తు, ఆపేస్తాను" అని చెప్పు. చెయ్యెత్తితే నిజంగానే ఆపు. పది మంది పెద్దవాళ్ళు గొణిగినా ఆపు.

ఇంకో రకం ఉంటారు. పిల్ల కాళ్ళు చాపి ఏడుస్తుంటే బలవంతంగా ఎక్కించి, కింద నిలబడి వీడియో తీసే తండ్రులు. వాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళతో వాదించకు, గెలవవు. "సార్, పాపని ఈ రౌండు నాకు అసిస్టెంటుగా ఇవ్వండి, తర్వాత రౌండు ఎక్కుతుంది" అని చెప్పి, పాపని తీసుకొచ్చి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకునే ఉండగా కంచె ఇవతల నిలబెట్టుకో. రౌండు మొదలయ్యేటప్పుడు కొట్టే బెల్లుంటుంది చూడు, అది ఆ పాప చేత కొట్టించు. సగం మంది తర్వాతి రౌండు వాళ్ళే ఎక్కుతారు. మిగతా సగం మంది సాయంత్రం దాకా బెల్లు కొడతామంటారు. అది నీ ఖర్మ.

బెల్టు పెట్టేటప్పుడు, "బెల్టు పెట్టనా తల్లీ?" అని అడిగి పెట్టు. వాళ్ళమ్మకో నాన్నకో కనబడేలా పెట్టు. ఎత్తుకోవాల్సి వస్తే ఇంట్లోవాళ్ళని అడగకుండా ఎత్తుకోకు. నీ మనసు ఎంత తెల్లనిదైనా సరే. నీ ఫోనుతో పిల్లల ఫోటోలు తీయకు, ఎంత ముద్దుగా ఉన్నా తీయకు. 2012లో పిల్లల రక్షణకి పోక్సో చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచు, పిల్లకి తన ఒళ్ళు తనదే అని నువ్వు అడిగే ఆ ఒక్క ముక్కలో తెలుస్తుంది.

తప్పిపోయిన పిల్లలు సంక్రాంతి రోజుల్లో, కార్తీకమాసం ఆదివారాల్లో ఎక్కువ. వనభోజనాలకని నాలుగు కుటుంబాలు కలిసి వస్తాయి, పిల్లాడు వాళ్ళతో ఉన్నాడని వీళ్ళూ, వీళ్ళతో ఉన్నాడని వాళ్ళూ అనుకుంటారు. అలాంటి పిల్లాడు దొరికితే గేటు వైపు తీసుకెళ్ళకు. దొరికిన చోటే కాసేపు నిలబడు, వెతికేవాళ్ళు వెనక్కి అక్కడికే వస్తారు. ఇంకో మనిషిని తోడు పిలు, ఆఫీసుకి కబురు పంపు. "మీ అమ్మ పేరేంటి" అంటే నాలుగేళ్ళ పిల్ల "అమ్మ" అంటుంది. అది సరైన జవాబే కదా. "అమ్మ ఏ రంగు చీర కట్టుకుంది? మీరు దేంట్లో వచ్చారు? క్యారేజీలో ఏం తెచ్చారు?" అని అడుగు. ఒకసారి ఒక పిల్ల చీర రంగు చెప్పలేకపోయింది గానీ, "పులిహోర, దాంట్లో పల్లీలు నాకిష్టం లేదు" అంది. మైకులో అదే చెప్పించాను. రెండు నిమిషాల్లో వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. ఎంతకీ ఎవరూ రాకపోతే పిల్లల కోసం 1098 నంబరుంది, పోలీసులకి 112. రెండూ నీ బ్యాడ్జీ వెనక రాసిపెట్టుకో.

వేషం గురించి ఒక మాట. ఎప్పుడో ఒకప్పుడు నిన్ను ఎలుగుబంటి తొడుగులో దించుతారు. మన విశాఖ ఉక్కలో అది తొడుక్కోవడమంటే ఇడ్లీ పాత్రలో కూర్చోవడమే. ఇరవై నిమిషాలకి ఒకసారి లోపలి గదికి పో, ఉప్పేసిన మజ్జిగ తాగు. తల మాత్రం పిల్లల ముందు తియ్యకు. నేను చేసిన రోజుల్లో ఒక పాప, ఆరేళ్ళుంటాయేమో, నా ముందు నిలబడి "నీకు చెమట పట్టడం లేదా?" అంది. ఎలుగుబంటి మాట్లాడకూడదు, తల ఊపాను. వెంటనే వాటర్ బాటిల్ మూత తీసి ఎలుగు నోట్లో పోసేసింది. ఆ నీళ్ళు నా మెడ మీద నుంచి బనీనులోకి, అక్కడి నుంచి బూట్లలోకి పోయాయి. అంత చల్లగా నా జన్మలో ఎప్పుడూ లేదు.

జయింట్ వీల్ మీద పెడితే కరెంటు పోయే రోజు వస్తుంది. జనరేటర్ ఎత్తుకునేలోపు పైన ఉన్నవాళ్ళకి ఒక్కో నిమిషం ఒక గంట. అలా ఒకసారి పైపెట్టెలో ఒక తాతా మనవడూ ఇరుక్కున్నారు. గుంటడి ఏడుపు కిందకి వినిపిస్తోంది. "ఏడవకు బాబూ" అని కింద నుంచి అరిస్తే వాడెందుకు ఆపుతాడు? "బాబూ! నాకు ఇక్కడి నుంచి ఏమీ కనబడదు. సముద్రంలో ఎన్ని ఓడలున్నాయో కాస్త చూసి చెప్పు!" అని అరిచాను. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత "ఏడు!" అన్నాడు. "లైట్లు వెలుగుతున్నవా, ఆరినవా?" "వెలుగుతున్నవే!" "యారాడ కొండ మీద లైట్‌హౌస్ తిరుగుతోందా?" "తిరుగుతోంది!" అలా హార్బరు బయట లంగరేసిన ఓడలన్నిటి లెక్కా తీసుకున్నాను. కరెంటు వచ్చి కిందకి దిగాక తాత నాకు దండం పెట్టబోయాడు. వాడు మాత్రం నన్ను పక్కకి పిలిచి, "ఏడు కాదు, ఎనిమిది. ఒకటి చిన్నది, అప్పుడు చూడలేదు" అన్నాడు. బాధ్యత గల మనిషి.

హుద్‌హుద్ తుఫాను అప్పుడు నువ్వు చిన్నవాడివి. 2014 అక్టోబరు 12, ఆదివారం. చెట్లన్నీ వేర్లతో లేచిపోయాయి, ఊరు బోడిగుండులా అయింది. మా రంగులరాట్నంలో ఒక గుర్రానికి ముందుకాలు విరిగింది. పార్కు మళ్ళీ తెరిచినప్పుడు ఆ గుర్రం మీద ఎవరినీ ఎక్కించలేదు, తాడు కట్టాం. ఒక పాప తన జడ రిబ్బన్ విప్పి, తాడు కింద నుంచి దూరి, ఆ కాలికి కట్టి వచ్చింది. మాకు ఒక్క మాట చెప్పలేదు. చూడటానికి బాగోలేదని పైవాళ్ళు తియ్యమన్నారు. నేను మర్చిపోయినట్టు నటించాను. వెల్డింగ్ చేసే అబ్బాయి కూడా ఆ గుర్రాన్ని ఆఖరున చేశాడు.

ఇవన్నీ విని మావయ్య మహానుభావుడనుకోకు. ఒకటి చెప్పాలి. మా కొలంబస్ దగ్గర ఎత్తు గీత 120 సెంటీమీటర్ల దగ్గర ఉండేది. ఒక పిల్లాడు 118. పుట్టినరోజు, కొత్త చొక్కా, ఏడుపు. రెండు సెంటీమీటర్లేగా అని ఎక్కించాను. ఓడ ఊపందుకోగానే అడ్డకమ్మీ కింద నుంచి జారాడు. పక్కనున్నాయన పట్టుకోబట్టి సరిపోయింది. గడ్డం కమ్మీకి కొట్టుకుని కొత్త చొక్కా నిండా రక్తం. రెండు కుట్లు పడ్డాయి. నాకు పదిహేను రోజులు జీతం లేదు, అది తక్కువ శిక్షే. వాళ్ళమ్మ నన్ను ఏమీ అనలేదు. ఆ పిల్లాడు ఆటోలో కూర్చుని నాకు టాటా చెప్పాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ రాత్రుళ్ళు లేచి మంచినీళ్ళు తాగుతాను.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎత్తు సరిపోని వాళ్ళని "పో, పో" అనేవాణ్ణి కాదు. స్తంభం వెనక్కి తీసుకెళ్ళి, తల మీద స్కేలు ఆనించి, పెన్సిల్తో గీత గీసి, పేరులో మొదటి అక్షరం, తేదీ వేసేవాణ్ణి. "ఇది నీ గీత. మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అనేవాణ్ణి. ఏడ్చుకుంటూ వచ్చినవాడు, తన గీతని రెండుసార్లు తడిమి చూసుకుని వెళ్ళేవాడు. చాలామంది రాలేదు. కొందరు వేసవి సెలవుల్లో, కొందరు ఏడాది తర్వాత వచ్చి, నాకు నమస్కారం కూడా పెట్టకుండా తిన్నగా స్తంభం వెనక్కి పరిగెత్తేవారు. ఒక పిల్ల మూడుసార్లు వచ్చింది. మూడోసారికి 121. ఎక్కనంది. "నేను గీత కోసం వచ్చాను" అంది.

రెండేళ్ళకోసారి పెయింటు వేసేవాళ్ళు వచ్చి స్తంభం ముందూ వెనకా తుడిచిపెట్టేసేవారు. మొదటిసారి నాకు తెలియక పోయాయి అవన్నీ. తర్వాత నోటుబుక్కులోకి ఎక్కించుకోవడం మొదలుపెట్టాను, పెయింటు ఆరాక మళ్ళీ గీసేవాణ్ణి. నువ్వూ అలాగే చెయ్యి. పేర్లు పూర్తిగా రాయకు, అక్షరం చాలు.

బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. సోమవారం సెలవంటే ఇంటికి రా, మీ అత్త చేపల పులుసు పెడతానంది. కవర్లో ఒక పెన్సిలు, టైలర్ టేపు పెట్టాను. టేపు మొదట్లో అర అంగుళం తెగిపోయింది, కొలిచేటప్పుడు అది చూసుకో.

మీ మావయ్య